ఎక్కామంటే సరిపోదు

నల్లమలలో తేనె తీయడానికి కొండ అంచు నుంచి కిందికి దిగే చెంచు మనిషికి పైన తాడు ఎవరు పట్టుకోవాలన్నది ఆ అడవిలో ఎప్పుడో తేలిపోయిన విషయం. ఆ పని బావమరిదిది. సొంత అన్నదమ్ముల కంటే భార్య తోడబుట్టినవాడి చేతిలో తాడు ఉండటమే క్షేమమని పెద్దలు చెబుతారు. అక్క పసుపుకుంకుమలు పదిలంగా ఉండాలని కోరుకునేవాడు పట్టు వదలడని వాళ్ల ధీమా. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అనే సామెత మైదానం ఊళ్లలోనూ వినిపిస్తుంది. అమ్రాబాద్ కొండల్లో మాత్రం ఆ మాట మీద ఒక ప్రాణం వేలాడుతుంది.

కొండతేనె పెట్టే పెద్ద ఈగలు మనిషికి అందని చోటే పట్టు పెడతాయి. చరియ ఒంపు కింద, వాన తగలని చోట, నేలకు చాలా ఎత్తులో. దిగేవాడు పొగతో ఈగల్ని తోలుకుంటూ, పట్టు కోసి బుట్టలో వేసుకోవాలి. ఒంపు దాటాక అతను పైవాడికి కనిపించడు. ఇద్దరి మధ్యా మిగిలేవి తాడు, కేక. ఆగమంటే ఆగాలి, లాగమంటే లాగాలి. తాడు రాతికి ఒరుసుకుంటోందా, ముడి బిగిసే ఉందా అన్నది పైవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి. కిందివాడికి ధైర్యం కలిగిద్దామని చెప్పే చిన్న అబద్ధం కూడా అక్కడ ప్రమాదమే.

రాక్ క్లైంబింగ్ అనే నేటి క్రీడ కూడా ఇదే కట్టుబాటు మీద నిలబడి ఉంది. నైలాన్ తాళ్లు వచ్చాయి, నడుముకు హార్నెస్‌లు వచ్చాయి, తాడును తగిలించే అల్యూమినియం కారబినర్లు వచ్చాయి. ఎదుటి మనిషి మాటను నమ్మి కాలు గాల్లో పెట్టాల్సిన అవసరం మాత్రం పోలేదు. దానికి ఇప్పుడు ఇంకో చిక్కు తోడైంది. ఈ రోజు ఒక కుర్రవాడు ఖిల్లాఘనపురం గుట్టకో, భువనగిరి కోటకో బయల్దేరేముందు అడిగేది ఊరి మనిషిని కాదు, ఫోన్‌ని. ఫోన్‌లో చెప్పినవాడు ఎవరో తెలియదు. అతను అక్కడికి వెళ్లాడో లేదో తెలియదు. వెళితే ఏ నెలలో వెళ్లాడో అసలే తెలియదు.

రెఫరీ లేని ఆట

క్రికెట్‌కు అంపైర్ ఉన్నాడు, పరుగుపందేనికి గడియారం ఉంది. ఒలింపిక్స్‌లో కట్టిన గోడల మీద జరిగే క్లైంబింగ్ పోటీలకూ న్యాయనిర్ణేతలు ఉంటారు. ఊరవతలి రాతికి మాత్రం ఎవరూ ఉండరు. ఎక్కినవాడు దిగి వచ్చి చెప్పిందే రికార్డు. అందుకే ఈ క్రీడలో ‘ఎక్కాను’ అని చెప్పి ఊరుకుంటే కుదరదు. ఎలా ఎక్కావన్నది కూడా చెప్పాలి.

ఒకే రాతిదారిని పలు రకాలుగా ఎక్కవచ్చు. తాడును ముందే పైన కట్టి, దాని అండతో ఎక్కితే అది టాప్ రోప్. జారినా అడుగు రెండడుగుల కంటే పడరు. తాడును వెంట తీసుకెళ్తూ, దారిలో రాతికి కొట్టిన బోల్టులకు తగిలించుకుంటూ వెళ్తే అది లీడ్. అందులో పడితే చివరి బోల్టు కిందికి కూడా పోవచ్చు. ఆ దారి గురించి ఎవరూ ఏమీ చెప్పకుండా, మొదటిసారే పడకుండా పైకి చేరితే ఆన్‌సైట్ అంటారు. ఎక్కడ చెయ్యి వేయాలో, ఎక్కడ కాలు పెట్టాలో ముందే తెలుసుకుని తొలి ప్రయత్నంలో ఎక్కితే ఫ్లాష్. ఎన్నోసార్లు పడి, సాధన చేసి, చివరికి ఒకసారి పడకుండా పూర్తిచేస్తే రెడ్‌పాయింట్. ఇవన్నీ గౌరవంగా చెప్పుకోదగినవే. ఒకటి చేసి ఇంకోటి చేశానని చెప్పడమే తప్పు. మధ్యలో తాడుకు వేలాడి ఐదు నిమిషాలు సేద తీరిన సంగతి ఆ రాతికీ, కింద తాడు పట్టినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి చిన్న అబద్ధం వల్ల ఎవరికి నష్టం అనిపిస్తుంది. నష్టం తర్వాత వచ్చేవాడికి. ప్రతి దారికీ ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ ఉంటుంది. మొదట ఎక్కినవాళ్లు చెప్పినదాన్ని బట్టి, తర్వాత ఎక్కినవాళ్లు సరిచూసినదాన్ని బట్టి అది నిలుస్తుంది. పైన తాడు కట్టుకుని సులువుగా ఎక్కినవాడు ‘ఇది తేలికే, లీడ్ చేశాను’ అని రాస్తే, దాన్ని నమ్మి కొత్తవాడు పైన తాడు లేకుండా మొదలుపెడతాడు. అతను సగంలో చిక్కుకున్నప్పుడు ఆ మాట రాసినవాడు అక్కడ ఉండడు.

రాతికి ఒక మంచి గుణం ఉంది. అది ఎక్కడికీ పోదు. ఎవరైనా వచ్చి మళ్లీ పరీక్షించవచ్చు. ఫిన్లాండ్‌లోని ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ అనే బండను 2016లో నల్లె హుక్కతైవల్ తొలిసారి ఎక్కి, అప్పటికి ప్రపంచంలో ఎవరూ ఇవ్వని వీ17 గ్రేడ్ ఇచ్చాడు. ఏళ్లపాటు పేరున్న క్లైంబర్లు వచ్చి ప్రయత్నించి వెళ్లారు. 2023లో స్కాట్లాండ్‌కు చెందిన విల్ బోసి రెండోవాడిగా ఎక్కి, ఆ గ్రేడ్ సరైనదేనన్నాడు. మొదటివాడి మాటకు సాక్ష్యం ఏడేళ్లకు దొరికింది. ఈ క్రీడలో నిజం తేలే పద్ధతి ఇదే.

ఒక ఫొటో, రెండు ఉద్యోగాలు

మంచుకొండల మీద ఈ వెసులుబాటు తక్కువ. ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డ మనిషి అడుగుజాడలు గంటల్లో గాలికి కొట్టుకుపోతాయి. మిగిలేవి ఫొటో, వెంట వచ్చిన షెర్పా మాట. ఆ రెంటిలో దేన్నయినా కల్పించవచ్చని 2016లో భారతదేశం చూసింది.

మహారాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసే దినేశ్ రాఠోడ్, తారకేశ్వరి రాఠోడ్ దంపతులు ఆ ఏడాది మే 23న ఎవరెస్ట్ ఎక్కామని ప్రకటించారు. నేపాల్ పర్యాటక శాఖ ధ్రువపత్రం కూడా ఇచ్చింది. వాళ్లు చూపిన ఫొటోలు తనవని, వాటినే మార్చి వాడారని బెంగళూరులో ఉంటున్న పర్వతారోహకుడు సత్యరూప్ సిద్ధాంత బయటపెట్టారు. విచారణలో మోసం తేలింది. నేపాల్ ధ్రువపత్రాలను రద్దు చేసి, 2016 ఆగస్టులో ఇద్దరి మీదా పదేళ్ల నిషేధం పెట్టింది. మరుసటి ఏడాది ఉద్యోగాలూ పోయాయి.

అదే 2016లో ఎవరెస్ట్ ఎక్కామని చెప్పిన హర్యానాకు చెందిన నరేందర్ సింగ్ యాదవ్, సీమా రాణి గోస్వామిల సంగతి ఇంకా ఆలస్యంగా వెలుగు చూసింది. 2020లో టెన్సింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం జాబితాలో యాదవ్ పేరు వచ్చాక తోటి పర్వతారోహకులు ఆయన ఫొటోను జాగ్రత్తగా చూశారు. ఆక్సిజన్ మాస్కుకు గొట్టం తగిలించి లేదు. కళ్లద్దాల్లో మంచుకొండల నీడ పడలేదు. ఎప్పుడూ ఈదురుగాలి వీచే ఆ చోట జెండా కదలకుండా ఉంది. పురస్కారం ఆగిపోయింది. 2021 ఫిబ్రవరిలో నేపాల్ ఆరేళ్ల నిషేధం ప్రకటించింది. దాన్ని 2016 మే నుంచే లెక్కగట్టడంతో 2022 మేలో గడువు తీరింది. అదే నెల 27న యాదవ్ ఎవరెస్ట్ ఎక్కారు.

ఈ రెండు ఉదంతాల్లోనూ అబద్ధాన్ని పట్టుకున్నది ప్రభుత్వాలు కాదు, తోటి పర్వతారోహకులు. శిఖరం మీద ఏ పూట వెలుగు ఎటు పడుతుందో, ఏ బూటు ఎలా ఉంటుందో, ఎదురుగా ఏ కొండ కనబడుతుందో వాళ్లకు తెలుసు. దూరంగా కూర్చుని ఫొటోను పంచుకునేవాళ్లకు అది తెలియదు. ఫోన్‌లో ఒక ఫొటోకు ఎన్ని లైకులు వచ్చినా ఎక్కినట్టు సాక్ష్యం దొరకదు.

అబద్ధం చెప్పినవాడి వెనక పోగైన నష్టం పెద్దది. ఇలాంటి సాహసాలకు బహుమతులు, ఉద్యోగాల్లో ప్రోత్సాహకాలు, దాతల సొమ్ము తోడవుతాయి. ఒక బూటకపు ప్రకటన ఆ సాయంలో కొంత తినేస్తుంది. ఆ తర్వాత నిజంగా ఎక్కి వచ్చిన పేదింటి పిల్లను కూడా జనం అనుమానంగా చూస్తారు.

నేపాల్ కొండల విషయంలో ఈ అనుమానాన్ని తీర్చే పనిని దశాబ్దాల పాటు ఒక పాత్రికేయురాలు నెత్తిన వేసుకున్నారు. అమెరికాకు చెందిన ఎలిజబెత్ హాలీ 1960లో కఠ్మాండూలో స్థిరపడి, 1963 నుంచి నేపాల్‌లో కొండలెక్కే బృందాలను పట్టుబట్టి ప్రశ్నించేవారు. ఏ దారిన వెళ్లారు, పైన ఏం కనిపించింది, ఎవరెవరు వెంట ఉన్నారు అని అడిగి రాసుకునేవారు. ఆమె స్వయంగా పెద్ద శిఖరమేదీ ఎక్కలేదు. అయినా ఆమె ఒప్పుకుంటేనే ఎక్కినట్టని పర్వతారోహకులు భావించేవారు. 2018 జనవరిలో 94 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. ఆమె నోట్సుతో తయారైన ‘హిమాలయన్ డేటాబేస్’ను నేడు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

మనవాళ్ల రికార్డులకు మనం చేసే అన్యాయం

అబద్ధం చెప్పేవాళ్లు కొందరే. నిజాన్ని అటూ ఇటూగా మోసేవాళ్లు లెక్కలేనంత మంది. ఈ రెండో రకం నష్టానికి తెలుగువారి గర్వకారణాలే గురవుతున్నాయి.

మలావత్ పూర్ణ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బిడ్డ. వెంట ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఉన్నాడు. ఆ ఇద్దరి వెనక నిలబడిన అప్పటి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అలంపూర్‌లో పుట్టినవారు. అప్పట్లో ఆయన సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి. గురుకులాల పిల్లలకు భువనగిరి గుట్ట మీద శేఖర్ బాబు బాచినేపల్లి చేత శిక్షణ మొదలుపెట్టించి, డార్జిలింగ్, లద్దాఖ్‌ల మీదుగా వడపోస్తూ వచ్చి చివరికి ఇద్దరిని పంపారు.

ఇంత గొప్ప సంగతి ఇంటర్నెట్‌లో ఎలా తిరుగుతోంది? ‘ఎవరెస్ట్ ఎక్కిన అతి పిన్న వ్యక్తి’ అని చాలాచోట్ల ఉంటుంది. అది తప్పు. అమెరికా బాలుడు జోర్డాన్ రొమేరో 2010 మే 22న 13 ఏళ్ల 10 నెలల వయసులో ఎక్కాడు. ఎక్కిన నాటికి పూర్ణకు 13 ఏళ్ల 11 నెలలు. ఆమె ఎవరెస్ట్ ఎక్కిన అతి పిన్న వయసు బాలిక. ఆ మాటే చాలు, అందులో తక్కువేమీ లేదు. ‘తెలంగాణ ప్రభుత్వం పంపింది’ అని కూడా రాస్తారు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. పూర్ణ శిఖరం మీద జెండా పట్టుకున్నది దానికి ఎనిమిది రోజుల ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో.

మల్లి మస్తాన్ బాబు విషయం ఇంకా ఆసక్తికరం. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో పుట్టి, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, ఐఐఎం కలకత్తాలో చదివిన మనిషి. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. ఇలాంటి అంకెను ఎవరైనా ఇంట్లో కూర్చునే సరిచూడవచ్చు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలో అకొంకాగువా, మార్చి 15న ఆఫ్రికాలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలో కోజియస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న యూరప్‌లో ఎల్బ్రస్, జులై 10న ఉత్తర అమెరికాలో డెనాలి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య రోజులు లెక్కిస్తే సరిగ్గా 172 వస్తాయి. 2006 క్యాలెండర్ తీసి వారాలు చూస్తే గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ. ఏడు శిఖరాలు, వారంలో ఏడు వేర్వేరు రోజులు.

తేదీలతో సహా రాసిపెట్టిన ఘనత ఇలా కాలానికి నిలుస్తుంది. ‘ఏడు శిఖరాలను అత్యంత వేగంగా ఎక్కిన ప్రపంచ రికార్డు ఇప్పటికీ మస్తాన్ బాబుదే’ అనే వాక్యం మాత్రం నిలవదు. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ ప్లెయిన్ 117 రోజుల్లో పూర్తిచేశాడు. 2006 నాటికి అది రికార్డు అని రాస్తే నిజం, ఈ రోజుకీ అదే రికార్డు అంటే అబద్ధం. 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణం వదిలిన ఆ మనిషికి అతిశయోక్తి అవసరం లేదు.

రికార్డు అనే మాట జిల్లా పత్రికల్లో ఇప్పుడు తరచుగా కనిపిస్తోంది. ఫలానా కాలేజీ విద్యార్థి కిలిమంజారో ఎక్కాడని వార్త వస్తుంది. నిజంగా ఎక్కిన వారికి రుజువు చూపడం కష్టం కాదు. టాంజానియా జాతీయ పార్కు ఇచ్చే ధ్రువపత్రంలో పేరు, తేదీ, చేరిన చోటు ఉంటాయి. 5,685 మీటర్ల గిల్మన్స్ పాయింట్ దగ్గర ఆగారా, 5,756 మీటర్ల స్టెల్లా పాయింట్ దాకా వెళ్లారా, 5,895 మీటర్ల ఉహురు శిఖరం చేరారా అన్నది అందులో తేలుతుంది. చందా ఇచ్చే దాతలు, వార్త రాసే విలేకరి ఆ కాగితం అడగడం అవమానించడం కాదు. నిజంగా ఎక్కినవాళ్లకు అది రక్ష.

తప్పు వేరు, మోసం వేరు

కొన్నిసార్లు ఎవరూ అబద్ధం చెప్పకపోయినా అందరూ తప్పే చెబుతుంటారు. నేపాల్‌లోని 8,163 మీటర్ల మనస్లు శిఖరం అలాంటిదే. ఏళ్ల తరబడి చాలామంది అసలు శిఖరానికి కాస్త ముందున్న చిన్న దిబ్బ దగ్గర ఆగి, ఎక్కేశామనుకుని తిరిగొచ్చారు. అక్కడి నుంచి అవతలి దారి సరిగా కనబడదు. 2021లో మింగ్మా గ్యాల్జే షెర్పా బృందం అసలు శిఖరం దాకా వెళ్తుండగా డ్రోన్‌తో తీసిన ఫొటో బయటకు వచ్చాక, ఎవరు ఎక్కడ ఆగారో కంటికి కట్టినట్టు తేలిపోయింది. ఆ తర్వాత హిమాలయన్ డేటాబేస్ అసలు శిఖరం చేరినవారికే గుర్తింపు ఇస్తామని ప్రకటించింది. పాతవాళ్లను దొంగలుగా ఎవరూ చూడలేదు. కొంతమంది మళ్లీ వెళ్లి ఎక్కి వచ్చారు. తెలియక చేసిన తప్పును దిద్దుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఫోన్‌లోని పటాలు చేసే తప్పుకు మాత్రం ఎవరూ సంజాయిషీ చెప్పుకోరు. స్కాట్లాండ్‌లో 1,345 మీటర్ల బెన్ నెవిస్ కొండకు కారు ఆపే చోటు నుంచి గూగుల్ మ్యాప్స్ చూపిన చుక్కల గీత నిట్టనిలువు చరియల మీదుగా పోతోందని, దాన్ని నమ్మితే ప్రాణాలు పోతాయని అక్కడి పర్వతారోహణ సంఘం 2021 జులైలో హెచ్చరించింది. 2023లో కెనడాలోని వాంకూవర్ దగ్గర, పటంలో తప్ప నేల మీద లేని బాటను పట్టుకుపోయిన ఒకరిని రక్షణ దళం బయటకు తేవలసి వచ్చింది. పెరూలో కృత్రిమ మేధ కల్పించిన, అసలు లేనే లేని లోయను వెతుక్కుంటూ ఆండీస్ కొండల్లోకి బయల్దేరిన పర్యాటకులను 2025లో స్థానిక గైడ్ ఆపాడు. యంత్రానికి దురుద్దేశం లేదు. ఎక్కడెక్కడివో పోగుచేసి తడబడకుండా చెప్పింది, అంతే. తడబాటు లేని ఆ గొంతే అసలు ప్రమాదం. దారి బాగా తెలిసిన గొర్రెల కాపరి కూడా ‘వానలకు ఏమైందో చూసి పోండి’ అంటాడు.

మూడు ఘనపురాలు

ఇక పాలమూరు సంగతి. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. ఇంటర్నెట్‌లో ఉన్న పాత రాతల్లో చాలావాటికి ఈ సంగతి తెలియదు. కోట ఒకచోట, జిల్లా పేరు ఇంకోచోట. ఆపద వచ్చి ఫోన్ చేసినప్పుడు ఏ జిల్లా, ఏ మండలం అని చెప్పాల్సిన మనిషికి ఇది చిన్న పొరపాటు కాదు.

పేర్ల చిక్కు ఇంకోటి. వనపర్తి జిల్లాలో గోన గణపారెడ్డి పేరుతో ముడిపడిన గిరిదుర్గం ఖిల్లాఘనపురంలో ఉంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ ఉంది. కాకతీయుల కోటగుళ్లున్న ఘనపురం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. పానగల్ కూడా అంతే. వనపర్తి జిల్లా పానగల్‌లో కొండ మీద కోట. నల్లగొండ పక్క పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయం. ఒక ఊరి ఫొటో కింద ఇంకో ఊరి వివరాలు చేరడానికి ఇంతకంటే అనువు ఏం కావాలి?

తెలంగాణలో క్లైంబింగ్ నేర్చుకునేవారికి తొలి మెట్టు లాంటి భువనగిరి కోట గురించీ ఇదే తీరు. పదో శతాబ్దంలో త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడని డజన్ల కొద్దీ చోట్ల ఉంటుంది. ఆ చాళుక్య రాజు గద్దెనెక్కిందే 1076లో. అంటే పదకొండో శతాబ్దంలో. ఒకరు రాసిన తప్పును చూసి మిగతావాళ్లు ఎత్తిరాశారు. ఎత్తు విషయంలోనూ గందరగోళమే. నేల నుంచి గుట్ట ఎత్తును ఒకరు, సముద్రమట్టం నుంచి ఎత్తును ఇంకొకరు రాస్తారు. శతాబ్దం తప్పయితే చదివేవాడి కాలు విరగదు. ఎత్తు తప్పయి, తాడు సగంలో అయిపోతే పరిస్థితి వేరు.

నాగర్‌కర్నూల్ జిల్లాలోని సలేశ్వరాన్ని ట్రెక్కింగ్ జాబితాల్లో ఏడాది పొడవునా వెళ్లదగిన జలపాతంగా చూపిస్తుంటారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది. చైత్ర పౌర్ణమికి జరిగే జాతర రోజుల్లోనే అటవీశాఖ జనాన్ని వదులుతుంది. మిగతా రోజుల్లో వెళ్లడం చట్టవిరుద్ధం. ఆ సంగతి రాయకుండా అందమైన వీడియో పెట్టినవాడు చూసేవాళ్లను మోసం చేసినట్టే.

గద్వాల కుర్రకారుకు రాయి దూరం కాదు. కృష్ణ దాటితే వనపర్తి గుట్టలు, తుంగభద్ర దాటితే కర్నూలు–నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు రాళ్లు, రాయచూరు మీదుగా పోతే ప్రపంచమంతా వచ్చి ఎక్కే హంపీ బండలు. అయితే ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుందన్న భరోసా లేదు. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారి, పైపొర ఉల్లిపొరలా విడివడుతుంది. ఫొటోలో ఆ పొర చేతికి అందే చక్కటి పట్టులా కనిపిస్తుంది. అనుభవం ఉన్నవాడు బరువు వేసేముందు దాన్ని పిడికిలితో తట్టి వింటాడు. గట్టి రాయి పలకదు. విడివడిన పొర డొల్లగా మోగుతుంది. అక్కడ చెయ్యి వేయకుండా పక్కకు జరుగుతాడు. ఈ శబ్దం ఏ ఫొటోలోనూ వినబడదు. నిరుడు గట్టిగా ఉన్న పొర ఈ ఏడు ఊడవచ్చు. నవంబరులో ఈగలు లేని చరియకు మార్చిలో పెద్ద పట్టు వేలాడవచ్చు. అందుకే తేదీ లేని సమాచారాన్ని నమ్మడానికి లేదు.

తాళ్లు, కొక్కేల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. క్లైంబింగ్‌కు వాడే డైనమిక్ తాడు పడ్డప్పుడు కొంత సాగి దెబ్బను తానే మింగుతుంది. సామాను కట్టే తాడు, సాగని స్టాటిక్ తాడు ఆ దెబ్బను నడుముకే ఇస్తాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తాళంచెవులకు తగిలించుకునే కొక్కేలు కూడా అచ్చం కారబినర్లలాగే ఉంటాయి. ఫ్రాన్స్‌కు చెందిన పెట్జల్ తన పేరుతోనే నకిలీ పరికరాలు తిరుగుతున్నాయని 2011లో హెచ్చరించింది. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికినదాన్ని కొని, వీడియో చూసి ముడి నేర్చుకుని గుట్టకు పోవడం కంటే పెద్ద తెగింపు లేదు. శిక్షణ ఎక్కడ తీసుకున్నా మొదటి పాఠం ఒకటే. ఎక్కేముందు ఒకరి ముడిని, హార్నెస్ బకిల్‌ని, కారబినర్ తాళాన్ని ఇంకొకరు చేత్తో పట్టి చూడాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ప్రతిసారీ ఇది చేస్తారు. నీ మీద నమ్మకం లేదా అని ఎవరూ అలగరు.

రాసేవాళ్లు, చదివేవాళ్లు

ఒక రాతి గురించి రాసేవాళ్లు కొన్ని వివరాలు తప్పకుండా ఇస్తే చాలు. ఊరు, మండలం, జిల్లా. ఎక్కిన తేదీ. పైన తాడు కట్టి ఎక్కారా, లీడ్ చేశారా. ఎన్ని మీటర్ల తాడు పట్టింది. బోల్టులు ఉంటే ఎవరు, ఎప్పుడు కొట్టారు. రాయి ఎక్కడ డొల్లగా ఉంది. ఈగలు, ఎలుగుబంట్ల జాడ ఉందా. ఎవరి అనుమతి కావాలి. తాను చూడని భాగం గురించి ‘చూడలేదు’ అని రాయడం అన్నిటికంటే ముఖ్యం. సగం దాకా వెళ్లి తిరిగొచ్చామని నిజాయతీగా రాసిన నాలుగు వాక్యాలు, ఎక్కేశామని గొప్పగా పెట్టిన వీడియో కంటే వెయ్యిరెట్లు పనికొస్తాయి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో అందులో ఉంటుంది.

చదివేవాళ్లకూ పని ఉంది. ఒకే సంగతిని పది చోట్ల చూసినంత మాత్రాన పది మంది సాక్షులు దొరికినట్టు కాదు, అన్నీ ఒకదాన్ని చూసి రాసినవే కావచ్చు. రాసినవాళ్లను అడగాలి. ఊళ్లో పశువుల కాపరిని, అటవీశాఖ బీటు అధికారిని, కోట పక్క గుడి పూజారిని అడగాలి. అలా తెలుసుకున్నదాన్ని తేదీ వేసి, తర్వాతివాళ్లకు అందేలా మళ్లీ రాయాలి.

ఖిల్లాఘనపురం, పానగల్ గుట్టల మీద ఏ దారి ఎవరు ఎక్కారో చెప్పే నమ్మదగిన చిట్టా తయారు కావాలంటే ఇదే సరైన సమయం. హంపీ బండలకు వివరమైన గైడు పుస్తకం వచ్చింది. పాలమూరు రాతికీ అలాంటిది రావాలి. దాన్ని బయటివాళ్లు వచ్చి రాయనక్కర్లేదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ కాలేజీల్లోని ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు శిక్షణ ఉన్నవారి వెంట వెళ్లి, ఒక్కో గుట్టకు ఒక్కో పేజీ చొప్పున తేదీలతో సహా మొదలుపెట్టవచ్చు. మొదటి పేజీలో ఎక్కిన దారులతో పాటు ఎక్కలేకపోయిన దారులనూ రాయాలి. ఒక కాపీ గ్రామ పంచాయతీలో ఉంచాలి. చరియ నుంచి ఎవరైనా జారితే ముందు పరుగెత్తుకు వచ్చేది ఆ ఊరివాళ్లే కాబట్టి, ఏ దారి ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలిసి ఉండాలి.